మూడో గట్టు

బస్టాండులో మైకు ముందు కూర్చునే ఆయన పేరేమిటని అడిగితే అక్కడ ఎవరూ చెప్పలేరు. ఆయనా చెప్పడు. పేరు లేక కాదు, పుట్టగానే భేషైన పేరే పెట్టారు. కానీ పెట్టినవాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆ పేరు పలకాలంటే రెండు పెదవులూ ముచ్చటగా మూడుసార్లు కలుసుకోవాలి. ఆయన పెదవులు తమంతట తాము ఒకదాన్నొకటి తాకి ఎరగవు. అందుకే ఎవరైనా "తమరెవరండీ?" అంటే "నేనే" అంటాడు. జనం మాత్రం ఆయన్ని గట్టాయన అంటారు. ఊరు ఊరంతా నోటికి అలవాటైన ఒక మాటను పక్కన పెట్టి, ఆయన చెప్పిన మాటను ఎత్తుకుంది. ఇంతటి ఘనత ఎంత చదివినవాడికైనా అంత తేలిగ్గా దొరుకుతుందా?

ఆయన పుట్టినప్పుడు పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. గ్రహణమొర్రి అంటారు దాన్ని. ఆ మాటలో కూడా పెదవులు కలవాలి గనక తనకు వచ్చిందేమిటో తానే పలకలేని చిత్రం ఆయనది. చుట్టుపక్కల అమ్మలక్కలు వాళ్లమ్మ చుట్టూ మూగి, గ్రహణం నాడు ఏం కోశావు, ఏం చూశావు అని కూపీ లాగారు. ఆవిడ తక్కువదా! "చంద్రుడికి పట్టింది గంటలో వదిలింది. మావాడికి పట్టింది డాక్టరు వదిలిస్తాడు. మీకు పట్టింది ఎవరు వదిలిస్తారో చూసుకోండి" అంది. మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

నెలల పిల్లవాడుగా ఉండగానే పెద్దాసుపత్రిలో పెదవి కలిపి కుట్టారు. కుట్టు కుదిరింది. పిల్లవాడు పాలు తాగాడు, బొద్దుగా తయారయ్యాడు, వీధి చివరికి వినపడేలా ఏడ్చాడు. తేడా ఒక్కటే. పై పెదవి కురచై, బిగిసిపోయి, కింది పెదవిని అందుకోలేదు. దాంతో అక్షరాల్లో ఒక వరస వరసంతా ఎగిరిపోయింది. ప లేదు, బ లేదు, మ లేదు. వాటి ఒత్తులూ లేవు.

చుట్టాలు రెండు జట్లయ్యారు. నాన్న, తాత, అత్త, అక్క, అన్న హాయిగా నోట్లోకి వచ్చి కూర్చున్నారు. మామ, పిన్ని, బామ్మ గీతకు అవతలే నిలబడిపోయారు. బాబాయి పాపం ఏడాది పాటు బిస్కెట్లు లంచం పెట్టి చూశాడు. బిస్కెట్లు అయిపోయాయి గానీ పిలుపు రాలేదు. అన్నిటికన్నా అన్యాయం అమ్మకు జరిగింది. "అమ్మా" అనబోతే "అన్నా" అని వచ్చేది. కని, కుట్టించి, పెంచిన మనిషిని పట్టుకుని అన్నా అంటే ఎలా ఉంటుంది?

ఒకనాడు పిల్లవాడే ఉపాయం కనిపెట్టాడు. చూపుడు వేలితో పై పెదవిని కిందికి నొక్కి పట్టి, "అమ్మా" అన్నాడు. స్పష్టంగా వచ్చింది. కానీ పెదవి మీది కుట్టు గీత ఎర్రగా కందింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ గబుక్కున వేలు లాగేసింది. "వద్దు నాన్నా. నొప్పెట్టే పిలుపు నాకొద్దు. ఇంకేదైనా అను" అంది. వాడు చుట్టూ చూశాడు. తాత తన కూతుర్ని "తల్లీ" అని పిలుస్తాడు. అదేదో బాగానే ఉందనుకుని వాడూ "తల్లీ" అన్నాడు. అప్పట్నుంచి అదే ఖాయం. మూడేళ్ల వెధవ, నడుం మీద చెయ్యి పెట్టుకుని "తల్లీ, ఆకలేస్తోందే" అంటుంటే వీధి వీధంతా పొట్ట పట్టుకునేది. ఆవిడ వాణ్ని నాన్నా అంటుంది, వాడు ఆవిణ్ని తల్లీ అంటాడు. వరసలు వింటే ఎవరు ఎవర్ని కన్నారో తేలేది కాదు.

వాడికి బుల్లి తాత అని పేరు పడింది. తగ్గట్టే మాట్లాడేవాడు మరి. పాలు కావాలంటే "తెల్లనీళ్లు", పిల్లి కనిపిస్తే "ఎలకల శత్రువు". అంకెలు చెప్పమంటే, "ఒకటి, రెండు, దాని తరవాతది, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, దాని తరవాతది, ఇంకా తరవాతది, ఆఖరుది" అని ఏకబిగిన అప్పజెప్పేవాడు. లెక్కల మాస్టారు తప్పు పట్టడానికి బెత్తం ఎత్తి, తప్పెక్కడుందో తెలియక మళ్లీ దించేవారు. ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పగలవాడు ఆ బళ్లో అప్పటిదాకా లేడు, తరవాతా రాలేదు.

పెద్దయ్యాక ఇంకోసారి కోసి పెదవి సాగదీయొచ్చని డాక్టర్లు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కుదిరిన కుట్టు, కుదిరిన మాట, కెలకడం దేనికని. గీత మీద మీసం మొలవదు. కుడివైపు మూడొంతులు, ఎడమవైపు ఒక వంతు, మధ్యలో సన్నటి కాలిబాట. సెలూనాయన నల్లపెన్సిలుతో పూడుస్తానన్నా వద్దన్నాడు. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి, ఏమైనా అడగమంటే, "మీసం మధ్యలో ఆ ఖాళీ ఏమిటండీ?" అని సూటిగా అడిగేసింది. పెద్దలు బిగుసుకుపోయారు. ఆయన తాపీగా, "నడవడానికి దారి వదిలాను" అన్నాడు. ఆ నవ్వు ఆపుకోలేకే ఆవిడ పెళ్లికి ఒప్పుకుందని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటారు. చిన్నపిల్లలు గీత మీద వేలు పెట్టి అడిగితే మాత్రం, "ఈ లోకానికి వచ్చే తొందర్లో వాకిలి గడియ తగిలింది నాన్నా" అంటాడు. వాళ్లు కాసేపు తలుపు గడియ వైపు అనుమానంగా చూస్తారు.

ఇక మైకు సంగతి. ఆయన బస్టాండులో సామాన్ల గదిలో పనికి కుదిరాడు. ఒక ఉదయం మైకు మనిషి గొంతు పూర్తిగా పోయింది. జనం కిటకిటలాడుతున్నారు, చెప్పేవాడు లేడు. గొంతు గట్టిగా ఉందని ఈయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మీట నొక్కాక గానీ ఆయనకు తట్టలేదు, తాను ఎలాంటి చిక్కులో పడ్డాడో. ప్లాట్‌ఫారం! మొదట్లో పెదవులు, నడుమ పెదవులు, చివర్లో పెదవులు. బస్సు అనలేడు, బండి అనలేడు. పోనీ ఊళ్ల పేర్లా? ఊళ్లకు పేర్లు పెట్టినవాళ్లందరూ పెదవులున్నవాళ్లే కాబోలు, ఒకటి పురం, ఒకటి పల్లి, ఒకటి పేట, ఒకటి పాలెం, ఒకటి పాడు!

బుల్లి తాత లోపలి నుంచి లేచి కూర్చున్నాడు.

"అయ్యలారా, తల్లులారా, ఆలకించండి. ఏరు దాటేది నాలుగో గట్టు దగ్గర నిలిచి ఉన్నది. ఎక్కేవారు ఎక్కండి, దిగేవారు దిగి దారి ఇవ్వండి."

బస్టాండు ఒక్కసారి తలెత్తింది. అంతకు ముందు మైకులో ఏం చెప్పినా గరగర తప్ప అర్థమయ్యేది కాదు. ఇది తమ ఇంట్లో పెద్దాయనెవరో పిలిచినట్టు వినపడింది. ఏరు దాటేది అంటే అందరికీ తెలుసు. గట్టు అంటే చూస్తేనే తెలుస్తోంది. పాత మైకు మనిషి గొంతు వచ్చాక కూడా ఎవరూ ఆయన్ని తిరిగి పిలవలేదు. ఆయనకూ టిక్కెట్ల దగ్గర కూర్చోవడమే హాయిగా ఉంది. కొన్నాళ్లకు ఊళ్లో ప్లాట్‌ఫారం అనేవాడే లేకుండా పోయాడు. కొండ మీది ఊరికి వెళ్లే బస్సు డ్రైవరు ఒక్కడే మొదట్లో నొచ్చుకున్నాడు. "కొండెక్కేది, కొండెక్కేది అంటారేంటండీ! నా బండి ఇంజను నిక్షేపంలా ఉంటే!" అని. తరవాత అతనూ సర్దుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన చేసిన ఘనకార్యాలు తక్కువ కాదు. తప్పిపోయిన పిల్లల్ని కన్నవాళ్లకు చేర్చాడు. "ఎర్ర గౌను చిన్నది ఇక్కడ ఏడుస్తోంది. కన్నవాళ్లు ఎక్కడున్నా రండి" అంటే తమ పిల్ల ఎర్ర గౌనులో లేనివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చేవారు. జేబుదొంగల కాలంలో, "సంచులు జాగ్రత్త. చొక్కాలోకి ఇతరుల చేతులు రానివ్వకండి" అని హెచ్చరించాడు. వెనక సీట్లో నిద్రపోయిన డ్రైవర్ని, "ఏరు దాటించే చక్రధారి లేచి రావాలి, నీళ్లు చల్లించకండి" అని లేపాడు. ఆ డ్రైవరును చనిపోయేదాకా చక్రధారి అనే పిలిచారు. ఇన్నేళ్లలో బస్టాండులో ఏ ఒక్కరికీ తెలియనిది ఒకటే. అది ఆయన దర్జా కాదు, దారి లేకపోవడం అని. గీత చూసినవాళ్లు గీతనే చూశారు. మాట విన్నవాళ్లు, పెద్ద పండితుడు అనుకున్నారు. ఆయన అలాగే అనుకోనిచ్చాడు. నోరు తిరగనివాడు అనిపించుకోవడం కన్నా చాదస్తుడు అనిపించుకోవడం ఆయనకు ఎంతో నయం.

బస్టాండులో ఉన్నవి ఆరు గట్లు. ఇబ్బంది మూడోదాంతోనే. మూడు అనలేడు గనక, మంచినీళ్ల కుళాయి అక్కడే ఉంది గనక, దానికి నీళ్ల గట్టు అని పేరు పెట్టాడు. అంతా సవ్యంగా నడిచింది, కుళాయిని మార్చేదాకా.

కొత్త మేనేజరు వచ్చారు. చిన్నవయసు, చురుకు. వచ్చీ రాగానే మురుగు నిలుస్తోందని మూడో గట్టు మీది కుళాయి తీయించి ఐదో గట్టు మీద పెట్టించారు. మంచి పనే. కానీ మైకులో "కొండెక్కేది నీళ్ల గట్టు దగ్గర నిలిచి ఉన్నది" అని వినపడగానే పాతవాళ్లు మూడుకీ, దాహం వేసినవాళ్లూ కొత్తవాళ్లూ ఐదుకీ పరుగెత్తారు. ఐదులో ఉన్నది సముద్రం వైపు వెళ్లేది. చెప్పులకు పాలిష్ పెట్టుకుని బంధువులింటికి కొండ ఎక్కాల్సిన కుటుంబం సాయంత్రానికి ఇసకలో తేలింది.

మేనేజరు పిలిపించారు.

"నీళ్లు తరలిన సంగతి నాకు తోచలేదు సార్" అన్నాడాయన.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "సారా? నేను మీ కంటికి ఎలా కనిపిస్తున్నానండీ?"

ఆయన మేడమ్ అనలేడు. అమ్మగారూ అనలేడు. మిగిలింది తల్లీ. పై అధికారిని తల్లీ అంటే ఉన్న ఉద్యోగం ఊడుతుంది. "తెలుసు సార్" అన్నాడు.

"తెలిసే అంటున్నారా!" ఆవిడ ముఖం ఎర్రబడింది. ఒక కాగితం తీసి ముందుకు తోశారు. "మీ కవిత్వం బాగానే ఉంటుందండీ. కానీ బోర్డు మీద ప్లాట్‌ఫారం అని ఉంది, మూడు అని ఉంది. రేపట్నుంచి ఇందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. చదవడం ఇష్టం లేకపోతే చెప్పండి, చదివేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మళ్లీ సామాన్ల గదికి వెళుదురుగాని."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఎదిరించడానికి పనికొచ్చే తప్పు ఒక్కటి దొరికినా బాగుండును. "అలాగే సార్" అని బయటికి వచ్చాడు.

టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, "ఏంటండీ, మొహం అలా వేలాడేశారు?" అన్నాడు. ఈయన కాగితం చూపించాడు. టీ కొట్టాయన చదివాడు. "ప్రయాణికులకు మనవి. ఫలానాపురం వైపు పోవు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఓస్, ఇంతేనా! మా మేనల్లుడు కూడా చదివేస్తాడు." ఆ మాట గట్టాయనకు టీ కన్నా వేడిగా తగిలింది.

ఆ సాయంత్రం స్నానాల గదిలో దూరి, అద్దం ముందు వేలితో పెదవి నొక్కిపెట్టి సాధన మొదలెట్టాడు. ప్ర. నొక్కు. మ. నొక్కు. బ. నొక్కు. బయట భార్య, "లోపల చేపలు పడుతున్నారా?" అని అడిగింది. వాళ్లమ్మకు మాత్రం చెప్పలేదు. ఆవిడకు వేలంటే ఏమిటో తెలుసు.

వాళ్ల ఇల్లు బస్టాండు వెనక సందులోనే. మైకు గొంతు నేరుగా వంటింట్లోకి వస్తుంది. ఆవిడ కొడుకు గొంతు వింటూనే పనులన్నీ చేసుకుంటుంది. కొండెక్కేది కదిలితే కూర తరగడం, ఏరు దాటేది వస్తే కాస్త నడుం వాల్చడం. ఆ ఉదయం ఆవిడ వంకాయ తరుగుతూ ఉండగా మైకు పలికింది. గొంతు వాడిదిలాగే ఉంది. కానీ ఆగి ఆగి, ఎక్కిళ్లు వస్తున్నట్టు,

"ప్... ప్రయాణికులకు మ్... మనవి. ...పురం వైపు పోవు బ్... బస్సు..."

ఆవిడ చేతిలో వంకాయ ఆగిపోయింది. మావాడు ప అనడమేమిటి? బ అనడమేమిటి? కుర్చీలో ఇంకెవణ్నో కూర్చోబెట్టారు. మావాణ్ని తీసేశారు! కత్తిపీట అక్కడే వదిలి, వంకాయ చేత్తోనే పట్టుకుని బయల్దేరింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవడం ఆ సందు చూడలేదు.

మైకు గదిలో మేనేజరు తలుపు దగ్గరే నిలబడి వింటున్నారు. ఆవిడ భుజం మీదుగా వాళ్లమ్మ గొంతు లోపలికి దూకింది.

"ఎవడమ్మా ఈ ప్పప్ప బ్బబ్బగాడు? మావాడేడీ? మావాడి కుర్చీలో ఎవణ్ని కూర్చోబెట్టారు?"

"మీరెవరండీ? ఇక్కడికి ఎవరూ..."

"నేనెవరా? ఆ కుర్చీలో కూర్చోవాల్సినవాణ్ని కన్నదాన్ని!" అంటూ పక్కకు తప్పించి చూసింది. కుర్చీలో కొడుకే ఉన్నాడు. ఎడమ చేత్తో కాగితం, కుడిచేతి వేలు పెదవి మీద. గీత పొడుగునా కందిపోయి ఉంది.

"నువ్వా! తియ్యరా ఆ వేలు! ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అని మేనేజరు వైపు తిరిగింది. "మీరేనా? చూడు తల్లీ, వీడిది పుట్టుకతోనే చీలిన పెదవి. చంటివాడుగా ఉన్నప్పుడు కుట్టారు. పైది కిందిదాన్ని అందుకోదు. వాడు ప్లాట్‌ఫారం అనకపోవడం పొగరు కాదు, వాడికి రాదు. వేలితో నొక్కితే వస్తుంది, నొప్పెడుతుంది. అది చూడలేకే, ఇన్నేళ్లుగా కన్న కొడుకు నోట అమ్మా అనిపించుకోకుండా ఉన్నాను నేను. నాకు పెట్టనివ్వని వేలు నీ ప్లాట్‌ఫారం కోసం పెట్టిస్తావా?"

వంకాయ గాలిలో ఊగుతోంది. గట్టాయనకు ఒక్కటే కనపడుతోంది. మైకు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఆరు గట్ల మీదా, టీ కొట్టులో, టిక్కెట్ల కిటికీలో గణగణమంటోంది. కంగారులో వేలు తియ్యడం మరిచిపోయాడు.

"అమ్మా! మైకు!"

అదీ మైకులోనే వెళ్లింది.

ఆవిడ వంకాయ బల్ల మీద పెట్టింది.

"ఏమన్నావురా?"

ఆయన వేలు తీసి అదే మాట అనబోయాడు. పెదవులు కలవలేదు. మళ్లీ వేలు ఎత్తబోయాడు. ఆవిడ దగ్గరికొచ్చి ఆ వేలు పట్టుకుని కిందికి దించి, చీర చెంగుతో గీత మీద మెల్లగా అద్దింది. "కందిపోయింది చూడు. అన్నావు కదా, చాల్లే" అంది. అదీ ఆరు గట్ల మీదా వినపడింది.

అంతలో బయట నుంచి ఎవరో గావుకేక వేశారు. "అంతా బాగానే ఉంది గానీ, కొండెక్కేది ఏ గట్టండీ? మాకు ఆలస్యమవుతోంది!"

బస్టాండంతా భళ్లున నవ్వింది. నవ్వు లోపలికీ వచ్చింది. మేనేజరు పెదవి కొరుక్కుంటూ ముందుకు వంగి, మైకులో తానే చెప్పారు. "కొండెక్కేది మూడో గట్టు మీద ఉంది. త్వరగా వెళ్లండి." చెప్పి మీట నొక్కి ఆపేశారు. తాను గట్టు అన్నట్టు ఆవిడకు తరవాత గానీ తెలియలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"అడగలేదు కదా సార్. గొంతు చూశారు, కుర్చీ ఇచ్చారు. గీత సంగతి ఎందుకనుకున్నాను."

"ఓహో. నన్ను సార్ అంటున్నది కూడా..."

"మరి మేడమ్ అనలేడు కదమ్మా" అంది వాళ్లమ్మ వంకాయ తీసుకుంటూ. "కావాలంటే తల్లీ అంటాడు. అనమంటావా?"

"వద్దండీ" అన్నారు మేనేజరు కంగారుగా. "సారే బాగుంది." ఆవిడకు ఆ బస్టాండులో ఇప్పటికీ అదే పిలుపు. బోర్డులు రాసే మనిషిని పిలిపించి, ప్లాట్‌ఫారం కింద గట్టు అని కూడా రాయించారు. కుళాయి మాత్రం ఐదులోనే ఉంచారు. మురుగు మురుగే కదా.

మూడుకు మాత్రం వేరే దారి లేదు, అంకె అంకెగా చెప్పాల్సిందే. చిన్నప్పటిలా "దాని తరవాతది" అందామంటే, దేని తరవాతదో చెప్పేలోపు బస్సు వెళ్లిపోతుంది. వాళ్లమ్మే తేల్చింది. రోజుకు కొన్నిసార్లే కదా, మెత్తగా ఆనించు, గట్టిగా నొక్కావంటే వంకాయ కాదు, కత్తిపీటతో వస్తాను అంది.

ఇప్పుడు ఒకటో గట్టు, రెండో గట్టు, నాలుగో గట్టు గలగలా వచ్చేస్తాయి. మూడుకు ముందు మాత్రం గొంతు కాస్త ఆగుతుంది. వేలు పెదవి దాకా వెళ్లాలి కదా. "కొండెక్కేది..." అని ఆగిందంటే చాలు, జనం సంచులెత్తుకుని లేస్తారు. అంకె వినపడేసరికి సగంమంది మూడో గట్టు మీదే ఉంటారు.

వెనక సందులో ఒకావిడ, ఆ గొంతు ఆగినప్పుడల్లా కూర తరగడం ఆపి వింటుంది. తరవాత వచ్చేది మూడే అని తెలిసినా.